ఆలస్యంగా చేరాల్సిన ఓడ

వీరభద్రరావు మాట ఇచ్చే తీరే వేరు. మామూలు మనుషులైతే "వస్తాలే" అని ఊరుకుంటారు. ఆయన అలా ఊరుకునే రకం కాదు. పెట్రోకెమికల్ ప్లాంటు కంట్రోల్ రూములో తల నెరిసిన మనిషి కదా, దేనికైనా చేరాల్సిన అంకె ఒకటి ఉండాలి, అక్కడికి చేరే దారి లెక్కగా ఉండాలి. అందుకే సౌదీలోని యాన్బు విమానాశ్రయంలో కూతురు హాసిని చొక్కా పట్టుకుని ఎప్పుడొస్తావని అడిగినప్పుడు, పదకొండేళ్ళ పిల్ల కదా అని ఏదో ఒకటి చెప్పి పంపలేదు. ఒక అంతరిక్ష నౌకను పూచీ పెట్టాడు.

ఆ నౌక కంప్యూటర్ ఆటలోది. తుపాకులూ రాక్షసులూ ఉండే ఆట కాదది. రాకెట్టు కట్టాలి, పైకి పంపాలి, గ్రహానికీ గ్రహానికీ మధ్య దారి లెక్కగట్టి ఇంధనం చాలేలా నడపాలి. ఒంటరిగా ఆడితే కాలాన్ని పరుగెత్తించి నెలల ప్రయాణాన్ని రెప్పపాటులో ముగించొచ్చు. తండ్రీకూతుళ్ళు ఆడేది మాత్రం అందరూ పంచుకునే సర్వర్ మీద. అక్కడ కాలం మన గోడ గడియారంలాగే నడుస్తుంది. అంగారకుడికి పంపితే నెలలు పడుతుంది. మనం నిద్రపోయినా, బడికి పోయినా, డ్యూటీకి పోయినా ఆటోపైలట్ దాని మానాన అది నడుపుకుపోతుంది.

కుటుంబసభ్యుల మీద ప్రభుత్వం తలకింతని వేసిన లెవీ ఏటికేడు పెరుగుతుంటే, ఆ వేసవిలో యాన్బులోని తెలుగు ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. భార్య స్వర్ణా, హాసినీ కూడా కాకినాడ బయలుదేరారు. వెళ్ళేముందు తండ్రీకూతుళ్ళు ఇద్దరూ నడపగలిగేలా ఓడ కట్టారు. ఇంధనం ట్యాంకు గుండ్రంగా బొద్దుగా వచ్చిందని హాసిని దానికి గుమ్మడి అని పేరు పెట్టింది. క్రిస్మస్ సెలవులకి అంగారకుణ్ణి అందుకునేలా వీరభద్రరావు దారి గీశాడు. గుమ్మడి దిగేలోపు తను ఇంట్లో ఉంటాడు, దిగడం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూస్తారు. అదీ మాట. విమానం ఎక్కేముందు పిల్ల ముఖం కొంచెం తేరుకుంది, ఆ సంబరంలో ఈ పెద్దమనిషి కూడా తన మాట మీద తనే మురిసిపోయాడు.

వేసవి ముగియకముందే కంపెనీ ఎర్రబడింది. నితాఖాత్ అంటే ఇదే కదా, సౌదీ ఉద్యోగుల వాటా తగ్గిన కంపెనీకి ఎరుపు రంగు పూస్తారు. దాని మీద లెవీ బకాయిలు పేరుకుపోయి, ఒక్కడికీ ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్, రెన్యూ కాలేదు. ఇఖామా చెల్లని మనిషికి ప్లాంటు గేటు పాసు ఇవ్వదు. పాసుల్లేని మనుషులు మాకెందుకని ప్లాంటువాళ్ళు కాంట్రాక్టు రద్దు చేశారు. మేనేజరు మందు కొనుక్కొస్తానని వెళ్ళినవాడిలా వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. భార్యాబిడ్డలు వెళ్ళాక వీరభద్రరావు చేరిన కంపెనీ క్యాంపులో మిగిలినవాళ్ళకి ఆ దేశంలో ఉండే హక్కు పోయింది, ఆ దేశం విడిచి వెళ్ళే దారీ మూసుకుపోయింది. దేశం దాటే ఎగ్జిట్ వీసా కొట్టాలంటే ఇఖామా చెల్లాలి, ఇఖామా చెల్లాలంటే కంపెనీ కదలాలి, కంపెనీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

గేటు దాటితే చెక్ పోస్టు. ఆస్పత్రికి పోవాలన్నా ఇఖామా అడుగుతారు, సిమ్ కార్డుకీ అదే. సముద్రం కూతవేటు దూరంలో ఉంది, గాలి మళ్ళితే ఉప్పు వాసన గదిలోకి వస్తుంది, అయినా చూసి నెలలైంది. క్యాంపు గోడ పక్కనే బకాలా అనే చిల్లర కొట్టు నడిపే కడప మహబూబ్ సుభాని తన వైఫై పాస్‌వర్డ్ చెప్పాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే వీరభద్రరావుకి ఇంటి ముఖమే కనిపించేది కాదు.

గదిలో రెండో మంచం హన్మాండ్లుది. జగిత్యాల వైపు మనిషి, స్కాఫోల్డింగ్ కట్టేవాడు. అతనికి ఇంజనీరు గారి ఓడ పెద్ద వినోదం. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని లాప్‌టాప్ వెనక నిలబడి, ఆర్టీసీ బస్సు సంగతి అడిగినట్టు అడిగేవాడు.

"మీ బండి యాడిదాంక వొచ్చె సార్?"

వచ్చిన దూరం చెబితే, డ్రైవర్ లేని బండిల ఎవలన్న ఎక్కుతరా అని నవ్వేవాడు. వీరభద్రరావు నవ్వేవాడు కాదు. ఆటోపైలట్ మీద పరాచికాలు ఆయనకి పడవు. ఓడ తనకి తానే సూర్యుడి వైపు మూతి తిప్పుకుని కరెంటు పుట్టించుకోవడం, చెప్పిన చోట చెప్పినంత సేపు ఇంజన్ మండించుకోవడం, ఇదంతా ఆయన రాసుకున్న ప్రోగ్రాము. పాపం, ఆ రోజుల్లో ఆయన చెబితే వినేది అదొక్కటే.

ఆయన పెట్టుకున్న ఆశ నఖలు మీద. నఖల్ కఫాలా అంటే ఒక స్పాన్సర్ కింది నుంచి మరో స్పాన్సర్ కిందికి మారడం. ఎర్రబడ్డ కంపెనీ మనిషి పాత యజమాని సంతకం లేకుండానే మారొచ్చు. తూర్పు తీరాన రాస్ తనూరాలో, వాటా సరిగ్గా ఉండి పచ్చ రంగు పడ్డ కంపెనీ ఒకటి ఆయన్ని తీసుకుంటానంది. మారగానే కొత్త ఇఖామా, దాని మీద సెలవు, సెలవులో ఇల్లు. దారి ఎంత చక్కగా ఉందో చూడండి. కాకపోతే ఆ కంపెనీలో ఫోను ఎత్తే పెద్దమనిషి ఎప్పుడు చేసినా వచ్చే వారం అంటాడు. దసరా పోయింది, వచ్చే వారం రాలేదు.

క్రిస్మస్‌కి ఇల్లు చేరడం కల్ల అని ఆయనకి దసరా వెళ్ళిన మర్నాడే తెలుసు. అప్పుడు చేయాల్సిన పని ఒకటే, ఫోను చేసి ఆ మాట చెప్పడం. ఆయన లాప్‌టాప్ తెరిచాడు.

కంట్రోల్ రూములో ఆటో మీద నడిచే దాన్ని చేతిలోకి తీసుకునేటప్పుడు ఏ మీటరు ముల్లూ తుళ్ళిపడకూడదు. దాన్ని బంప్‌లెస్ అంటారు. వీరభద్రరావు చేయి వేస్తే ప్లాంటు తుమ్మను కూడా తుమ్మదని షిఫ్టులో పేరు. ఆ పేరే కొంప ముంచింది. ఆయన ఆటోపైలట్‌ని పక్కన పెట్టి, గుమ్మడి మూతి రవ్వంత తిప్పి, ఇంజన్ కొంచెం మండించాడు. గమ్యం ఇంకా దూరంగా ఉండగా రవ్వంత మళ్ళిస్తే చివర్లో నెలల తేడా వస్తుంది. ఓడ ఇప్పుడు అంగారకుణ్ణి నేరుగా అందుకోదు. దాని కక్ష్య దాటి అవతలికి పోయి, వెనక్కి వాలే దారిలో అందుకుంటుంది. శివరాత్రికి. ఆ పని చేసి, ఆటోపైలట్‌కి అప్పగించి, హాసినితో మాత్రం ఇంధనం ఆదా అయ్యే దారి ఒకటి దొరికిందని చెప్పాడు. పిల్ల ఒక్క క్షణం ఆగి, "అయితే మంచిదే కదా నాన్నా" అంది.

నిజానికి ఇంధనం ఆదా కాలేదు, ఖర్చయింది. ఆలస్యం చేయడానికీ ఇంధనమే కాలుతుంది. పైగా ఆ చుట్టుదారిన వచ్చే ఓడ అంగారకుణ్ణి మరింత వేగంతో చేరుతుంది, అక్కడ బ్రేకు వేసి ఆగడానికి ఇంకా ఎక్కువ కావాలి. అది ఆయనకి తెలుసు. అయినా కొంత మిగులు పెట్టుకున్నాం కదా అని సర్దుకున్నాడు. అబద్ధానికి లెక్కలు తోడైతే మనిషికి ఎంత ధైర్యమో.

చలికాలంలో ఒక రోజు తెర చూస్తుంటే రెండు సంగతులు కంటికి తగిలాయి. ట్యాంకులో ఇంధనం తను అనుకున్నదానికంటే తక్కువగా ఉంది. చేరే రోజు కూడా శివరాత్రి నుంచి కాస్త అవతలికి జరిగింది. వీరభద్రరావు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. సర్వర్ లెక్కల్లో ఎక్కడో దశాంశాలు తెగిపోయుంటాయి, గేజి తప్పు చూపిస్తోంది అనుకున్నాడు. కంట్రోల్ రూము మనుషులకి వచ్చే జబ్బే ఇది. అంకె మనసుకి నచ్చితే ప్లాంటు బాగుంది, నచ్చకపోతే మీటరు చెడిపోయింది. ఇదే తప్పు చేసిన కుర్ర ఆపరేటర్లని ఆయన నిలబెట్టి తిట్టిన రోజులున్నాయి. ఇప్పుడు తనని తిట్టేవాళ్ళు లేరు. చేరే రోజు వెనక్కి జరగడం ఆయనకి అవసరం కూడా, అందుకని అంతకంటే తవ్వలేదు.

ఆ నెలలోనే సుభాని క్యాంపులోకొచ్చి కబురు చెప్పాడు. జెద్దాలోని మన కాన్సులేట్ వాళ్ళు శుక్రవారం యాన్బు వస్తున్నారంట, ఇఖామా చెల్లనోళ్ళ పేర్లు రాసుకుని లేబర్ ఆఫీసు ద్వారా ఫైనల్ ఎగ్జిట్ ఇప్పిస్తారంట. సంతకం పెడితే కంపెనీ మీద ఏ హక్కూ ఉండదు, నఖలు రద్దు, వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్ళీ ఈ దేశం అడుగు పెట్టనివ్వడం కష్టం. శుక్రవారం రాగానే హన్మాండ్లు రెండో మాట లేకుండా చెప్పులేసుకున్నాడు.

"మీరు రారా సార్?" అని గుమ్మంలో ఆగి అడిగాడు.

వీరభద్రరావు నఖలు సంగతి చెప్పాడు. వచ్చే వారం అయిపోతుందన్నాడు. హన్మాండ్లు వెళ్ళిపోయాడు. గదిలో ఒక్కడే మిగిలాక వీరభద్రరావుకి సిగ్గేసింది. ఆయన భయం నఖలు పోతుందని కాదు. వేలిముద్రలు వేసి తోలేసిన మనుషుల మధ్య కూర్చుని వెళ్ళాలంటే ప్రాణం ఒప్పలేదు. ఈ వయసులో కాకినాడలో దిగితే ఏ ప్లాంటు పిలిచి కుర్చీ వేస్తుంది? ఇక్కడ ఉంటే ఇంజనీరు, అక్కడ ఇంట్లో కూర్చున్న మగాడు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, తనతో తను అనుకోవడానికి కూడా అంత కాలం పట్టింది.

కొన్ని వారాలకి హన్మాండ్లుకి ఎగ్జిట్ వచ్చింది. వెళ్ళేరోజు తన దుప్పటి మడతపెట్టి సార్ మంచం మీద పెట్టి, బండి పైలం అని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత బండి ఎక్కడిదాకా వచ్చిందని అడిగే దిక్కు లేదు. ఏసీ మోత, పక్క గదుల్లో దగ్గులు. అడిగేవాడు లేకపోయేసరికి వీరభద్రరావు పొద్దున్నే లేచి తనకి తనే పైకి చెప్పుకోవడం మొదలుపెట్టాడు, ఒకరోజు గోడకి చెబుతూ తన గొంతు తనే విని భయపడ్డాడు.

అంగారకుడు తెర మీద ఎర్రటి చుక్క నుంచి కందిగింజంత అయ్యింది. చేరే రోజు జరిగి జరిగి వేసవి సెలవుల్లో పడింది. ఇక బ్రేకు పథకం వేయాలి. ఎక్కడ ఓడని వెనక్కి తిప్పాలి, ఎంతసేపు ఇంజన్ మండించాలి, ఎంత ఇంధనం పోతుంది. వీరభద్రరావు లెక్క కట్టాడు. చాలలేదు. దారి మార్చి కట్టాడు. చాలలేదు. ఉన్నదంతా చుక్క మిగలకుండా కాల్చినా గుమ్మడి ఆగదు, అంగారకుడి పక్క నుంచి దూసుకుపోతుంది. తను కాల్చింది కలిపి చూసినా ఇంత తగ్గకూడదు. అప్పుడు కూడా ఆయనకి గేజి మీదే అనుమానం.

ఆదివారం మధ్యాహ్నం వీడియోలో హాసిని కూర్చుంది. వెనక వంటగదిలో స్వర్ణ పోపు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వీరభద్రరావు గొంతు సవరించుకుని, ఆటలో ఏదో బగ్ ఉందమ్మా, ఇంధనం తప్పుగా చూపిస్తోంది, సర్వర్ వాళ్ళకి రాద్దాం అన్నాడు.

హాసిని గోళ్ళు కొరుక్కుంది.

"బగ్ కాదు నాన్నా. నేనే కాల్చాను."

ఆయనకి అర్థం కాలేదు. ఎందుకు కాల్చావని అడిగాడు.

"నువ్వు కూడా కాల్చావుగా. నాకు తెలుసు. దసరా అయ్యాక ట్యాంకు చూస్తే తగ్గిపోయింది. ఆదా దారి అని చెప్పావు." పిల్ల తెర వైపు చూడటం లేదు. "గుమ్మడి ముందొచ్చేస్తే నువ్వు అబద్ధం చెప్పినట్టు అవుతుంది కదా. అందుకని నేను కూడా కొంచెం కొంచెం వెనక్కి తోశాను. నువ్వు చూపించినట్టే, మెల్లగా."

వీరభద్రరావుకి తగ్గిన ఇంధనం లెక్క తేలింది. తను ఒక అబద్ధం కప్పిపుచ్చుకోవడానికి ఓడని తోస్తుంటే, ఆ అబద్ధం బయటపడకుండా కూతురు అవతలి నుంచి తోసింది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, ఆగడానికి దాచుకున్నదంతా తగలేశారు. బంప్‌లెస్ అని మురిసిపోయిన పనితనం పిల్లకి అబ్బింది. తండ్రి పట్టుబడిపోతాడేమోనని పదకొండేళ్ళ పిల్ల ఇన్ని నెలలు గుట్టు దాచింది.

"అడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నాడు, అది కూడా అబద్ధమే అని తెలిసి.

"అమ్మ అడగొద్దంది. అడిగితే నువ్వు బాధపడతావంది." ఇప్పుడు సూటిగా చూసింది. "ఉగాదికి కూడా రావు కదా?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకి వీరభద్రరావు నీళ్ళు నమిలాడు, పండగలు మార్చి చెప్పాడు, దారులు గీసి చూపించాడు. ఈసారి గీయడానికి దారి లేదు.

"రాను. ఎప్పుడొస్తానో నాకూ తెలీదు."

హాసిని తలూపింది. ఏడవలేదు. ఏడ్చుంటే ఆయనకి కొంచెం తేలికయ్యేది. వంటగదిలో చప్పుడు ఆగిపోయింది, స్వర్ణ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. అంతా విన్నట్టే ఉంది. వీరభద్రరావు నఖలు సంగతి ఎత్తుకోబోయాడు, రాస్ తనూరా కంపెనీ, వచ్చే వారం. స్వర్ణ అడ్డుకోలేదు, పూర్తిగా చెప్పనిచ్చి, అప్పుడు అడిగింది.

"ఆ నఖలు మీద మీకింకా నమ్మకముందాండీ?"

ఉంది అనడానికి బదులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేనెప్పుడో మానేశాను. మీరు నమ్ముతున్నారు కదా అని ఊరుకున్నా."

ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక్కరికీ నమ్మకం లేదు, మిగతా ఇద్దరి కోసం ముగ్గురూ నమ్మినట్టు నటించారు. వీరభద్రరావు ఫోను పెట్టేసి చాలాసేపు హన్మాండ్లు దుప్పటి మీద కూర్చున్నాడు. తర్వాత లేచి సుభాని కొట్టుకెళ్ళి, కాన్సులేట్ వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగాడు. సుభాని, "ఎప్పుడొస్తారో ఎవురికి తెలుసు సార్, ఆ పొద్దే సంతకం పెట్టింటే బాగుండు గదా" అన్నాడు. నిష్ఠూరం కాదు, ఉన్నమాట.

వాళ్ళు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఒక ఇండియన్ స్కూలు హాల్లో బల్లలు వేశారు. చెక్ పోస్టువాళ్ళకి తెలిసినవాడు కాబట్టి ఆపకుండా దాటించిన సుభాని కారులో వీరభద్రరావు వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. దారిలో సముద్రం ఒక్క తునక కనిపించింది. వరసలో తన ముందూ వెనకా ఉన్నవాళ్ళలో పెయింటర్లు, వెల్డర్లు, ఒక డ్రైవరు. ఎవరూ ఆయన్ని వింతగా చూడలేదు, ఆయన భయపడ్డట్టు ఏమీ జరగలేదు. బల్ల దగ్గర కుర్రాడు కంపెనీ మీద హక్కులు వదులుకుంటున్నారు, తెలుసు కదా సార్ అని అడిగాడు. తెలుసన్నాడు. చూపించిన చోట సంతకం పెట్టాడు. ఎగ్జిట్ ఎప్పుడొస్తుందని అడిగితే కుర్రాడు భుజాలెగరేశాడు. లేబర్ ఆఫీసు, జవాజాత్ అనే పాస్‌పోర్టు ఆఫీసు, మళ్ళీ లేబర్ ఆఫీసు. కొందరికి వారాల్లో వస్తుంది, కొందరికి నెలలు.

సంతకం పెట్టొచ్చినా క్యాంపు గోడ అక్కడే ఉంది, చెక్ పోస్టూ అక్కడే ఉంది. రాస్ తనూరా నుంచి ఈసారి ఆ పెద్దమనిషే ఫోను చేశాడు, వచ్చే వారం పని అయిపోతుందని. వీరభద్రరావు వద్దన్నాడు. వద్దని చెప్పాక ఆయన చేతిలో ఏమీ మిగల్లేదు, ఎదురుచూడటం తప్ప.

గుమ్మడి అంగారకుణ్ణి దాటే రోజు హాసినికి సెలవే. కాకినాడలో పిల్ల, యాన్బు గదిలో తండ్రి, ఇద్దరూ ఒకే తెరని చెరో చోట చూస్తున్నారు. ఎర్రటి గ్రహం నిమ్మకాయంత అయ్యింది, పళ్ళెమంత అయ్యింది, తెర పట్టనంత అయ్యింది. లోయలు కనిపించాయి, ధ్రువం మీద తెల్లటి మంచు కనిపించింది. ఫోను ఇద్దరి దగ్గరా తెరిచే ఉంది. ఆటోపైలట్ పాత ప్రోగ్రాము ప్రకారం వేళకి ఓడని వెనక్కి తిప్పి ఇంజన్ మండించింది, ఉన్న కాస్త ఇంధనం కాలిపోయి మంట ఆరిపోయింది. గుమ్మడి ఆగలేదు. గ్రహం ఒక పక్కకి జారుకుంది, కుంచించుకుపోవడం మొదలుపెట్టింది. ఇక అది ఎవరు చెప్పినా వినదు, సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండాల్సిందే.

వీరభద్రరావు ఆటోపైలట్ ఆపేశాడు. పిల్లతో ఏదో ఒకటి చెప్పాలనిపించింది. సంతకం పెట్టాను కదా, మహా అయితే దసరా, దసరాలోపు తప్పకుండా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాన్నా" అంది హాసిని, ఆయన నోరు తెరవకముందే. "ఈసారి ఎప్పుడొస్తావో చెప్పకు. బయలుదేరాక చెప్పు."

ఆయన సరేనన్నాడు.